ఇంటికి ముంపు బీమా: ప్రీమియం సర్కారు కట్టాలా?

2024 సెప్టెంబరు 1న సాగర్ ఎడమ కాలువకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర గండి పడింది. నీళ్లు తీశాక, కాలువ కింద ఉన్న మా పెద్దమ్మ వాళ్ల ఊరికి పోయాను. గోడల మీద నడుమెత్తున బురద గీత ఇల్లంతా చుట్టి ఉంది. డ్రమ్ములో బియ్యం ఉబ్బి పులిసిపోయాయి. చెక్క బీరువా తలుపులు నీళ్లు తాగి బిగుసుకుపోయాయి. ఇంటి పన్ను రశీదులు, బ్యాంకు పుస్తకం అందులోనే ఉన్నాయి. సర్వేకు వచ్చిన పిల్లగాడు ఫోన్‌లో ఫొటో తీసుకుంటూ "అమ్మా, ఇల్లు మొత్తం కూలిందా, కొంతే కూలిందా?" అని అడిగాడు.

"కూలలే బిడ్డా, నానింది. నానితే రాసుకోరా?" అన్నది పెద్దమ్మ.

ఎండలు కాశాక, పన్నెండో రోజున పడమటి గోడ కూలింది. మట్టి గోడలతో బతికినవాళ్లకు ఇది వింత కాదు. నీళ్లలో ఉన్నన్నాళ్లూ నిలబడి, ఆరేటప్పుడు బీటలిచ్చి పడతాయి. అప్పటికి రాసుకునేవాళ్లు వేరే ఊరికి వెళ్లిపోయారు.

2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు మళ్లీ నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు వాగులు పొంగినప్పుడు ఒక మాట వినిపించింది. పంటకు బీమా ఉన్నట్టు ఇంటికి ఎందుకు ఉండకూడదు? ప్రీమియంలో సగమో ముప్పావో సర్కారు కడితే ఏం పోయింది? అడగవలసిన ప్రశ్నే. కానీ ఇందులో మూడు నాలుగు వేర్వేరు ప్రశ్నలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. విడదీసి చూస్తే తప్ప అవునో కాదో తేలదు.

ఇప్పుడు అందేది సాయం, బీమా కాదు

వరదలో ఇల్లు దెబ్బతింటే ఇప్పుడు వచ్చే డబ్బు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి వస్తుంది. మన తెలంగాణ లాంటి రాష్ట్రాల్లో ఆ నిధిలో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వేస్తాయి. ఎంత ఇవ్వాలో కేంద్రం పట్టిక ఇస్తుంది. 2022-26 కాలానికి ఇచ్చిన పట్టిక ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000 రూపాయలు. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. బట్టలకు 2,500, వంట సామాన్లకు 2,500. దీనికి పైన రాష్ట్రం తన వైపు నుంచి కలుపుకోవచ్చు. 2024లో మన ప్రభుత్వం ముంపు కుటుంబానికి మొదట 10,000 ప్రకటించి, తర్వాత పెంచింది. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు కూడా కుటుంబానికి 10,000 ఇచ్చారు.

ఒక స్లాబ్ ఇంట్లోకి నాలుగడుగుల నీళ్లు వచ్చాయనుకుందాం. కరెంటు వైరింగు, తలుపులు, ప్లాస్టరింగు, ఫ్రిజ్, పరుపులు, మోటారు అన్నీ కలిపి 3 లక్షల నష్టం. ఇల్లు నిలబడే ఉంది కాబట్టి పట్టిక ప్రకారం 6,500, దానికి బట్టలు, సామాన్లకు 5,000 కలిపితే 11,500. మిగతా 2,88,500 ఇంటివాళ్లదే.

పట్టిక రాసినవాళ్లను తప్పు పట్టడానికి లేదు. ఆ డబ్బు పేరే తక్షణ సాయం. నష్టాన్ని పూడ్చడం దాని పని కాదు, నాలుగు రోజులు నిలబెట్టడమే దాని పని. అయితే సర్కారు బీమాకు డబ్బు పెట్టాలా వద్దా అన్న చర్చ మొదలుపెట్టేముందు ఒకటి గుర్తుంచుకోవాలి: సర్కారు ఇప్పటికే పెడుతున్నది. ముంపు తర్వాత పెడుతున్నది. పట్టికకు పైన ఎంత వస్తుందో ముందే చెప్పని, అడిగే హక్కు ఇవ్వని పద్ధతిలో పెడుతున్నది.

మన దగ్గర వరదకు విడిగా పాలసీ ఉండదు

అమెరికాలో మామూలు ఇంటి బీమాలో వరద ఉండదు, దానికి విడిగా పాలసీ తీసుకోవాలి. మన దేశంలో అట్లా కాదు. బీమా నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ఒకే తరహా పాలసీని ఇళ్లకు తెచ్చింది. నిప్పు, తుపాను, వరద, ముంపు, భూకంపం, కొండచరియలు అన్నీ అందులోనే. భూమి ధర లెక్కలోకి రాదు, మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. ఇంటికి తీసుకున్న బీమాలో 20 శాతం మేర, 10 లక్షలకు మించకుండా, ఇంట్లో సామానుకు కూడా కవర్ వస్తుంది. పదేళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చు.

ఇంత ఉన్నా మన ఊళ్లలో ఈ పాలసీ ఉన్న ఇల్లు వెతికితే గానీ దొరకదు. కొందరు ఉందని అనుకుంటారు కూడా. ఇంటి లోను తీసుకున్నప్పుడు బ్యాంకులో "ఇన్సూరెన్స్ కూడా చేశాం సార్" అంటారు. అది చాలాసార్లు లోను తీసుకున్న మనిషి ప్రాణానికి చేసిన బీమా. ఆయన చనిపోతే అప్పు తీరుతుంది, ఇల్లు మునిగితే పైసా రాదు. లోను ఉన్నవాళ్లు ఆ కాగితం తీసి, బీమా దేనికి చేశారో ఒకసారి చూసుకుంటే తెలిసిపోతుంది.

ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా మీద జీఎస్టీ ఎత్తేశారు. ఇంటి బీమాకు ఆ మినహాయింపు లేదు, 18 శాతం అట్లాగే ఉంది. ప్రీమియంలో వాటా కట్టడం కంటే ముందు పన్ను తీసేయడం కూడా ఒక రకం రాయితీయే.

వెయ్యి ఇళ్ల ఊరు: ప్రీమియం ఎట్లా పుడుతుంది

చిట్టీ వేసినవాళ్లకు బీమా సగం అర్థమైనట్టే. అందరూ కొంత వేస్తారు, అవసరమైనవాడు ఎత్తుకుంటాడు. తేడా ఏమిటంటే చిట్టీలో అందరికీ వంతు వస్తుంది, బీమాలో రాకపోతేనే మంచిది.

వెయ్యి ఇళ్ల ఊరు ఒకటి ఊహిద్దాం. చెరువు కట్ట కింద 100 ఇళ్లు, ఎత్తు మీద 900. కట్ట కింది ఇంట్లోకి ఇరవై ఏళ్లకోసారి నీళ్లు వస్తాయి, వస్తే 2 లక్షల నష్టం. అంటే ఏడాదికి సగటున 10,000. ఎత్తు మీది ఇంటికి అదే నష్టం ఐదు వందల ఏళ్లకోసారి. ఏడాదికి 400. కంపెనీ ఖర్చులు, లాభం, పన్ను పక్కన పెడితే ఎవరి ముప్పుకు తగ్గ ధర వాళ్లకు ఇదీ.

కట్ట కింది ఇళ్లల్లో ఉండేది ఎక్కువగా కూలినాలి చేసుకునేవాళ్లే. ఏడాదికి 10,000 కట్టలేరు. సరే, అందరికీ ఒకటే ధర పెడదామంటే మొత్తం 13,60,000ను వెయ్యితో భాగించాలి, ఇంటికి 1,360 పడుతుంది. ఎత్తు మీదివాళ్లు ఊరుకుంటారా? 400 ముప్పుకు 1,360 ఎందుకని 600 మంది తప్పుకున్నారనుకోండి. మిగిలిన 400 ఇళ్లకు పంచితే ధర 2,800 అవుతుంది. ఇంకొందరు పోతారు, ఇంకా పెరుగుతుంది. చివరికి కట్ట కిందివాళ్లే మిగులుతారు, ధర మళ్లీ 10,000 దగ్గరికే చేరుతుంది. ఇష్టమున్నవాళ్లు చేరండి అంటే ముంపు బీమా ఎందుకు నిలబడదో చెప్పే లెక్క ఇదే.

చిట్టీ పోలిక ఇంకోచోట కూడా తెగిపోతుంది. చిట్టీలో నెలకొకరు ఎత్తుకుంటారు. వరద ఒక్క రాత్రిలో ఆ 100 ఇళ్లనూ ముంచుతుంది. పథకం మొదలైన మూడో ఏడే చెరువు తెగితే అప్పటికి పోగైంది 40,80,000. చెల్లించాల్సింది 2 కోట్లు. అందుకే ఒక ఊరు, ఒక జిల్లా తమలో తాము ఈ బీమా నడుపుకోలేవు. బీమా కంపెనీలు కూడా తమ ముప్పును పెద్ద కంపెనీలకు పంచుతాయి, దాన్నే రీఇన్సూరెన్స్ అంటారు.

ఇక్కడ సర్కారు రెండు రకాలుగా చేయి వేయవచ్చు. ఒకటి, ఏటా ఇంటివాళ్ల ప్రీమియంలో వాటా కట్టడం. రెండు, ప్రీమియం జోలికి పోకుండా, మహా వరద వచ్చి నిధి చాలకపోతే మిగతాది నేను చూసుకుంటానని పూచీ పడటం. మన చర్చల్లో ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. రెండింటి ఖర్చూ వేరు, ఇంటివాళ్ల మీద ప్రభావమూ వేరు.

నీళ్లు ఎటునుంచి వచ్చాయి?

నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడుంది. దక్షిణ తెలంగాణలో వరద ఒక్క తీరుగా రాదు.

నది పొంగి వచ్చేది ఒకటి. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర కలిసి పొంగినప్పుడు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపూర్, రాజోలి మునిగాయి. 19 లక్షల క్యూసెక్కుల వరదకు కట్టిన శ్రీశైలానికి 25 లక్షలకు పైగా వచ్చాయి. అటువంటిది తరానికోసారి. అది ఎవరి తప్పూ కాదు, ఎవరూ తట్టుకోలేరు కూడా. బీమాకు సరిగ్గా అతికే ముప్పు ఇదే.

గొలుసుకట్టు చెరువుల నీళ్లు ఇంకొకటి. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండాలి, కింది చెరువు అలుగు వాగులో కలవాలి. పాత ఊళ్లు ఆ దారి ఎరిగి కట్టినవి. ఇప్పుడు ఆ దారిలో ప్లాట్లు లేచాయి. మహబూబ్‌నగర్‌లో పెద్ద చెరువు అలుగు పారితే రామయ్యబౌలి వైపు జనానికి నిద్ర ఉండదు. నిండు చెరువు నీళ్లు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటాం. దానికి బయట కూడా, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలని నిబంధన. ఆ హద్దు లోపల ప్లాటు చేసి అమ్మినవాడు డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. కొన్నవాడు చిన్న ఉద్యోగి, జీవితమంతా కూడబెట్టి కొన్నాడు. రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి నంబరు వచ్చింది, కరెంటు మీటరు వచ్చింది. ఇప్పుడు ఆ ఇంటి ప్రీమియంలో సర్కారు వాటా కడితే అది బాధితుడికి సాయమా, చెరువు శిఖం భూమిలో ఇంకో నాలుగు ప్లాట్లు అమ్ముకోవడానికి భరోసానా? రెండూ నిజమే. అందుకే జవాబు కష్టం.

మూడోది మూసీ లాంటిది. 1908 సెప్టెంబరు వరద హైదరాబాద్‌లో వేల మందిని పొట్టన పెట్టుకున్నాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరం ఊపిరి పీల్చుకున్నది. అయితే వాటి గేట్లు ఎత్తినప్పుడు వలిగొండ దగ్గరి నుంచి సూర్యాపేట దాకా నది వెంట ఉన్నవాళ్లు కాజ్‌వేల వైపు చూస్తూ కూర్చుంటారు. పైన తగ్గించిన ముప్పులో కొంత కిందికి దిగింది. దాని ధర కిందివాళ్ల ప్రీమియంలో కనిపిస్తే అది న్యాయమేనా?

నాలుగోది మా పెద్దమ్మ ఇంటికి వచ్చిన నీళ్లు. వాన ఎంత పెద్దదైనా, ఇంట్లోకి వచ్చింది కాలువ తెగి వచ్చిన నీళ్లు. సర్కారు కట్టి, సర్కారే చూసుకునే కట్ట అది. అక్కడ ఇంటివాళ్లను బీమా చేయించుకోమనడం సబబేనా, లేక అది నష్టపరిహారం కింద రావలసిన సొమ్మా? బీమా సూత్రాల్లో దీనికి ఒక దారి ఉంది. కంపెనీ ముందు ఇంటివాళ్లకు చెల్లించి, తర్వాత నష్టానికి కారణమైనవాళ్ల నుంచి రాబట్టుకోవచ్చు. కానీ ప్రీమియంలో ముప్పావు భాగం కట్టేదీ సర్కారే, కట్ట బాధ్యతా సర్కారుదే అయినప్పుడు ఎవరు ఎవరిని అడుగుతారు? రాయితీ ఇచ్చే పథకం రాసేటప్పుడు ఈ మాట విడిగా రాయకపోతే, కాలువ గండి కూడా 'ప్రకృతి వైపరీత్యం' ఖాతాలో కలిసిపోతుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దీని గురించే.

ఇవ్వాలనేవాళ్ల మాట, వద్దనేవాళ్ల మాట

ఇవ్వాలనేవాళ్లు చెప్పేది తేలిగ్గా తీసేసేది కాదు. పంచనామాల చుట్టూ, ప్రకటనల చుట్టూ తిరిగే సాయం కంటే చేతిలో పాలసీ కాగితం ఉండటం గౌరవం. అడగడానికి హక్కు ఉంటుంది, ఇవ్వకపోతే బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. కట్ట కింద ఉండేవాళ్లు అక్కడ ఉండాలని కోరుకుని లేరు, చవకగా దొరికేది అదే. ముప్పుకు తగ్గ ధర వాళ్లనే కట్టమంటే పేదరికానికి పన్ను వేసినట్టే. ఎట్లాగూ వరద తర్వాత ఖజానా నుంచి పోయే డబ్బే కదా, ముందే ప్రీమియంగా పోతే ఏటా ఎంతో తెలుస్తుంది.

వద్దనేవాళ్ల వాదన కూడా బలమైనదే. ప్రీమియం అంటే ఒక ధరే కాదు, అది ఆ నేల గురించి చెప్పే కబురు. 10,000 అని వింటే కొనేవాడు ఆగి ఆలోచిస్తాడు. దాన్ని 2,500 చేస్తే ఆ కబురు అందదు. పైగా సొంత ఇల్లు ఉన్నవాడికి ఇచ్చే రాయితీలో ఇల్లు లేని కిరాయిదారు కట్టిన పన్ను కూడా ఉంటుంది. మన వెయ్యి ఇళ్ల ఊరిలో కట్ట కింది 100 ఇళ్లకు ముప్పావు వంతు కడితే ఏడాదికి 7,50,000, ఇరవై ఏళ్లకు ఒక్కో ఇంటి మీద లక్షన్నర. ఆ డబ్బుతో అలుగు వాగు తవ్వించి, కట్ట బాగు చేయిస్తే ముప్పే తగ్గేది కదా అంటారు.

రెండు వైపులవాళ్లూ ఒప్పుకోగల చోటు ఒకటి కనిపిస్తున్నది. రాయితీని ప్లాటుకు కాకుండా మనిషికి కట్టడం. కట్ట కింది 100 ఇళ్లలో 40 పేద కుటుంబాలవనుకుంటే వాళ్లకే ముప్పావు వంతు కట్టాలి, ఏడాదికి 3 లక్షలు. పక్కనే మూడంతస్తులు కట్టుకున్నాయన పూర్తి ధర కట్టాలి. పాలసీ కాగితం మీద అసలు ధర 10,000 అని, సర్కారు వాటా 7,500 అని విడిగా అచ్చు వేస్తే నేల చెప్పే కబురు కూడా చెరిగిపోదు.

అమెరికా అప్పు, బ్రిటన్ గడువు

అమెరికా 1968లోనే సర్కారు వరద బీమా మొదలుపెట్టింది. చాలా పాత ఇళ్లకు ముప్పు కంటే తక్కువ ధర పెట్టారు. 2005లో కత్రినా తుపాను వచ్చాక పథకం అప్పుల్లో కూరుకుపోయింది. 2017లో 1,600 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేసినా ఇంకా 2,000 కోట్ల డాలర్లకు పైగా మిగిలింది. పాలసీల్లో ఒక శాతం వరకు ఉండే ఇళ్లు మళ్లీ మళ్లీ మునుగుతూ క్లెయిముల సొమ్ములో పాతిక, ముప్పై శాతం తీసుకున్నాయి. 2012లో రాయితీలు తగ్గిస్తూ చట్టం చేశారు, ఇంటివాళ్లు గగ్గోలు పెడితే 2014లో అందులో కొంత వెనక్కి తీసుకున్నారు. ఇచ్చిన రాయితీని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

బ్రిటన్ ఇంకో దారి పట్టింది. 2016లో మొదలైన వాళ్ల పథకంలో డబ్బు ఖజానా నుంచి నేరుగా రాదు, ఇంటి బీమా అమ్మే కంపెనీలన్నీ ఏటా ఒక వంతు వేస్తాయి. 2009 జనవరి 1 తర్వాత కట్టిన ఇళ్లకు అందులో చోటు లేదు. తెలిసి వాగులో కడితే మీ ఇష్టం అన్నట్టు. పథకానికి 2039 అని గడువు కూడా పెట్టారు. ఫ్రాన్స్‌లో 1982 నుంచి ప్రతి ఇంటి బీమా మీదా ఒకే శాతం అదనంగా వసూలు చేస్తారు, 2025లో దాన్ని 12 నుంచి 20 శాతానికి పెంచారు, వెనక సర్కారు పూచీ ఉంటుంది. ఎత్తు మీదివాళ్లు తప్పుకునే వీలు లేదు కాబట్టి మన వెయ్యి ఇళ్ల లెక్కలో వచ్చిన చిక్కు అక్కడ రాదు. కానీ ఫ్రాన్స్‌లో దాదాపు అందరికీ ఇంటి బీమా ముందే ఉంది. పది ఇళ్లలో ఒకదానికి కూడా పాలసీ కనిపించని ఊళ్లో దేని మీద అదనం వేస్తారు?

రైతు బీమా, పంట బీమా నుంచి

మన దగ్గరే రెండు అనుభవాలు ఉన్నాయి. 2018 ఆగస్టు నుంచి నడుస్తున్న రైతు బీమాలో ప్రీమియం మొత్తం రాష్ట్రమే ఎల్‌ఐసీకి కడుతుంది, 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. ఊళ్లలో దాని మీద నమ్మకం ఉంది. ఎందుకంటే చావులో పాక్షికం, పూర్తి అన్న తగువు లేదు. ఎవరూ వచ్చి కొలవక్కర్లేదు.

పంట బీమాలో ఆహార, నూనెగింజల పంటలకు రైతు వానాకాలంలో 2 శాతం, యాసంగిలో 1.5 శాతం కడితే మిగతాది కేంద్రం, రాష్ట్రం పంచుకోవాలి. తెలంగాణ 2020లో అందులోంచి బయటికి వచ్చింది. దేశంలో చాలాచోట్ల దిగుబడి కొలతల మీద గొడవలు, వాటాలు సమయానికి జమ కాక క్లెయిములు ఆగడం చూశాం. ఇంటి బీమా ఈ రెండింటిలో దేని చెల్లెలు? కొలత కావాలి కాబట్టి పంట బీమాకే దగ్గర. నానిన గోడను ఎంత శాతం అని రాస్తారు?

ఈ కొలత గొడవ తప్పించడానికి ఒక పద్ధతి ఉంది. 2024లో నాగాలాండ్ తీసుకున్న బీమా అటువంటిది: వాన ఫలానా మిల్లీమీటర్లు దాటితే ఇంటింటికీ సర్వే లేకుండా రాష్ట్ర సర్కారుకు డబ్బు వస్తుంది. మన రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి కాబట్టి ఇది ఆలోచించదగ్గదే. కాకపోతే వాన ఒకచోట, ముంపు ఇంకోచోట అయితే మీటరు పలకదు, ఇల్లు మునుగుతుంది.

కాగితం లేని ఇల్లు

రాయితీ ఎంత ఇచ్చినా ముందు పాలసీ రాయాలి. గ్రామకంఠంలో తాతల నాటి ఇంటికి పట్టా ఉండదు, పంచాయతీ ఇంటి పన్ను రశీదే ఆధారం. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా మీద కొన్న స్థలాలు ఇంకా ఉన్నాయి. రిజిస్టరు దస్తావేజు అడిగే పథకం పెడితే కట్ట కింది పేద ఇళ్లు మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి. కిరాయికి ఉండేవాళ్లకు గోడలు కాదు, సామాను బీమా కావాలి. వాళ్ల గురించి ఈ చర్చలో ఎవరూ మాట్లాడరు.

తేలిగ్గా మొదలుపెట్టగల చోటు మాత్రం ఒకటుంది. సొంత స్థలం ఉన్నవాళ్లకు 5 లక్షలు ఇచ్చే ఇందిరమ్మ ఇళ్లు. ఆ ఇంటికి ఎవరు యజమానో, ఎన్ని చదరపు అడుగులో, ఎప్పుడు కట్టారో సర్కారు దగ్గర ఫొటోతో సహా ఉంది. బిల్లు విడతలుగా ఇచ్చేటప్పుడే ఎఫ్‌టీఎల్ హద్దు చూసి, పునాది ఎత్తు కొలిచి, పదేళ్ల పాలసీ కలిపి ఇవ్వవచ్చు. వేల ఇళ్లు వేర్వేరు జిల్లాల్లో ఉంటాయి కాబట్టి ఒక్క వాగు పొంగితే నిధి ఖాళీ కాదు.

పెద్దమ్మ కిందటేడు పడమటి గోడ సిమెంటు ఇటుకతో లేపింది. ఇంటి ముందు పునాది మూడడుగులు ఎత్తు చేయించి, మెట్లు పెట్టించింది. కరెంటు బోర్డును బురద గీతకు పైన, తన చేయి అందేంత ఎత్తుకు మార్పించింది. గొర్రెలు అమ్మిన డబ్బే అంతా. ఇంటి బీమా దరఖాస్తు ఒకటి తెచ్చి ఆమె ముందు కూర్చుని చదివాను. గోడలు ఏంటివి, కప్పు ఏంటిది, కట్టి ఎన్నేళ్లయింది అని గళ్లు ఉన్నాయి. పునాది ఎత్తు రాయడానికి గడి లేదు.